సంతకం అడిగిన ఇల్లు

పోయినసారి ఆవకాయ జాడీల గురించి రాశాక మీలో చాలామంది మీ అమ్మమ్మల జాడీల ఫొటోలు పంపారు. చాలా సంతోషం. ఈసారి జాడీ గురించి కాదు, ఆ జాడీ ఉన్న ఇంటి గురించి. నిజానికి ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. ఇంట్లో విషయం, అందులోనూ ఆస్తి విషయం. కానీ ఇలాంటి ఫోన్ మీలో కొందరికి ఇప్పటికే వచ్చి ఉంటుంది, మిగిలినవాళ్ళకి రేపో మాపో వస్తుంది. అందుకని రాస్తున్నాను.

కిందటేడు ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే మావయ్య ఫోన్ చేశాడు. కుశలప్రశ్నలు అయ్యాక కాసేపు ఊరుకుని, "అమ్మలూ, ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాం. నీ సంతకం కావాలి," అన్నాడు.

"నా సంతకం ఎందుకు మావయ్యా?"

"మీ అమ్మకి వాటా ఉందిట. అమ్మ లేదు కాబట్టి అది మీకుట. లాయరు చెప్పాడు. మీ నాన్న, తమ్ముడు సరేనన్నారు. ఇంక నీదే మిగిలింది."

ఆ "ఉందిట"లో కోపం లేదు, సంతోషమూ లేదు. ఉత్త ఆశ్చర్యం. మావయ్యకి 78 ఏళ్ళు. ఆ ఇంట్లోనే పుట్టాడు. ఆ ఇంటి కాగితాల మీద ఒక ఆడపిల్ల సంతకం కావలసిరావడం తను చూడ్డం ఇదే మొదటిసారి. "డిసెంబరులో వస్తాను, ఒకసారి ఇల్లు చూసి పెడతాను," అన్నాను. "రా, రా, అరిసెలు చేయిస్తాను," అన్నాడు.

ఇల్లు కోనసీమలో, అమలాపురానికి దగ్గర్లో ఒక పల్లెటూళ్ళో ఉంది. మండువా లోగిలి. మీకు చెప్పక్కర్లేదు గాని పిల్లలకి చెప్పాలంటే ఇలా చెప్పొచ్చు: నాలుగువైపులా గదులు, వాటి ముందు వసారాలు, మధ్యలో కప్పు లేని చోటు. పెంకుల కప్పు నాలుగు పక్కల నుంచీ లోపలికి వాలి ఉంటుంది. వాన వస్తే నాలుగు చూరుల నీళ్ళూ ఇంటి మధ్యలోనే పడతాయి. ఆ పల్లపు చోటే మండువా. ఒక మూల తూము ఉంటుంది. నీళ్ళు అందులోంచి గదుల అడుగునే పోయి పెరట్లో అరటిచెట్ల మొదట్లో తేలతాయి.

మా అమ్మాయికి 16 ఏళ్ళు. ఇక్కడ రెడింగ్‌లో స్కూల్లో లాటిన్ చదువుతోంది. మండువాలో అడుగు పెట్టగానే, "అమ్మా, ఇది పాంపేయి ఇల్లు కదా!" అంది. రోమన్లు కూడా ఇంటి మధ్య కప్పు తెరిచి ఉంచి, కింద వాన నీళ్ళకి తొట్టి కట్టేవారట. దాని పేరు ఇంప్లూవియం అట. మావయ్య పొంగిపోయాడు. "చూశావా, రోమువాళ్ళు మనల్ని చూసి కట్టుకున్నారు," అన్నాడు. నేను కాదనలేదు. కేరళ నాలుకెట్టు ఇళ్ళదీ, తమిళనాడులో చెట్టియార్ల ఇళ్ళదీ ఇదే లెక్క. వీధి గోడకి పెద్ద కిటికీలు పెట్టుకోవడం ఇష్టం లేనివాళ్ళు వెలుతురుని నడినెత్తి మీంచి దింపుకున్నారు. వేడిగాలి మండువాలోంచి పైకి పోతుంటే, వీధి గుమ్మంలోంచీ దొడ్డి గుమ్మంలోంచీ చల్లగాలి లోపలికి వస్తుంది. మే నెలలో చాప వేసుకుని ఆ వసారాలో పడుకున్నవాళ్ళకి ఇదంతా విడమరిచి చెప్పే పని లేదు.

మేం టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాం. ఆలోచన అమ్మాయిదే. "అమ్మేస్తే అమ్మేయండి, ప్లాన్ గీసుకుందాం," అంది. అప్పటిదాకా ఫొటోలు తీయడమే తప్ప కొలవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఫొటోలో గోడ ఎంత మందమో తెలియదు కదా. 22 అంగుళాలు ఉంది. ఇటుక, గుల్లసున్నం. అంటే నత్తగుల్లలూ ఆలిచిప్పలూ కాల్చి చేసిన సున్నం. ఎద్దుల గానుగలో ఇసుకతో కలిపి రుబ్బి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి పదును పట్టేవారు. ఇప్పటికీ నట్టింటి గచ్చు మీద చెయ్యి వేస్తే నున్నగా, చల్లగా ఉంటుంది.

ఇల్లు ఎప్పుడు కట్టారన్నది తేల్చడం ఇంకో సరదా. నట్టింటి దూలం మీద "సాధారణ నామ సంవత్సరం" అని చెక్కి ఉంది. తెలుగు సంవత్సరాలతో వచ్చిన చిక్కు మీకు తెలుసు, 60 ఏళ్ళకోసారి మళ్ళీ అవే వస్తాయి. సాధారణ అంటే 1850 కావచ్చు, 1910 కావచ్చు, 1970 కావచ్చు. 1970 ఎలాగూ కాదు. తాతయ్య ఈ ఇంట్లో పుట్టిన మొదటి బిడ్డ అని అమ్మమ్మ చెప్పేది. ఆయన పుట్టింది 1911. కాబట్టి గృహప్రవేశం 1910లో.

దానికి ముందు మా ముత్తాతగారి తండ్రిది తాటాకు ఇల్లే. తాటాకు నుంచి పెంకుటింటికి రావడానికి వెనక ధవళేశ్వరం ఉంది. 1847లో కాటన్ దొర ఆనకట్ట మొదలుపెట్టాడు, 1852కి పూర్తయింది. గౌతమికీ వసిష్ఠకీ మధ్యనున్న ఈ లంకభూమికి కాలవలు వచ్చాయి, ఏటా వరి చేతికి రావడం మొదలైంది. ఒకటి రెండు తరాలు గడిచేసరికి ధాన్యం డబ్బు దూలాలైంది, స్తంభాలైంది. మా మండువా చుట్టూ స్తంభాలు 12. బర్మా టేకు అని మావయ్య గొప్ప. రంగూన్ టేకు కాకినాడ వైపు ఓడల మీద వచ్చేది, నిజమే. గోదావరి మీద తెప్పలు కట్టి దించిన మన్యం టేకుకీ ఆ రోజుల్లో కరువు లేదు. మేం ఉండగానే ధర కట్టడానికి వచ్చిన కలప వ్యాపారిని అడిగాను. "బర్మాదంటే రేటెక్కువమ్మా, అందుకే అందరివీ బర్మావే," అన్నాడు.

అతను స్తంభాల్ని గోటితో గీకి, వాసన చూసి, చుట్టుకొలత రాసుకున్నాడు. అడుగుల లెక్క. అదే రోజు నా ఫోన్లో మా కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. రెడింగ్‌లో మేముండే ఇల్లు కూడా ఇంచుమించు ఆ వయసుదే, వరస ఇళ్ళలో ఒకటి. ముందువైపు ఇటుకకి రంగు వేసుకుంటామంటే, మీ వీధి కన్జర్వేషన్ ఏరియా కిందికి వస్తుంది, కుదరదు అన్నారు. ఇక్కడ 1967 నుంచీ అలాంటి చట్టం ఉంది. బిస్కెట్ ఫ్యాక్టరీ కూలీల కోసమని కట్టిన మామూలు ఇటుక ఇళ్ళకి ఇంత మర్యాద. ఇటు చూస్తే 12 స్తంభాల మండువా కలప అడితికి పోతోంది. ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీద అని అడక్కండి.

వీధి అరుగు ఎత్తుగా ఉంటుంది, నాలుగు మెట్లు. గోదావరి ఊళ్ళల్లో ఎత్తు అంటే హోదా మాత్రమే కాదు, వరద. 1986 ఆగస్టు వరదలో నీళ్ళు మూడో మెట్టు దాకా వచ్చి ఆగాయట. 1996 నవంబరు 6 తుపాను మాత్రం మెట్ల లెక్క చూడలేదు. ఊళ్ళో కొబ్బరిచెట్లన్నీ ఒక్క రాత్రిలో నేలకూలాయి, మా ఇంటి పడమటి కప్పు మీద గూనపెంకు అన్నది మిగల్లేదు. ఊరంతా ఒక్కసారే పెంకు కావాలంటే దొరుకుతుందా? ఆ పక్క రేకులు వేశారు. అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ప్లాన్ గీస్తుంటే నేను ముందెప్పుడూ చూడనిది ఒకటి కనబడింది. ఆ ఇంట్లో దారులు రెండు. సింహద్వారంలోంచి సావిడి, సావిడిలోంచి మండువా, ఇది మగవాళ్ళ దారి, చుట్టాల దారి. దొడ్డి గుమ్మంలోంచి నుయ్యి, నూతి దగ్గర్నుంచి వంటిల్లు, వంటింట్లోంచి నట్టిల్లు, ఇది ఆడవాళ్ళ దారి. పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా అమ్మమ్మ సావిడిలో కాలు పెట్టకుండా రోజు గడిపేయొచ్చు. అలా గడిచేలాగే కట్టారు. రెండు దారులూ కలిసేది మండువా దగ్గర ఒక్కచోటే. వడియాలు పెట్టడానికి, తల ఆరబెట్టుకోవడానికి, వెన్నెల్లో పిల్లలకి అన్నం కలిపి పెట్టడానికి వాళ్ళకున్న ఆకాశం అదే. సావిడికీ నట్టింటికీ మధ్య గోడలో జానెడు కిటికీ ఒకటి ఉంది, దానికి అడ్డంగా చెక్క ఊచలు. చిన్నప్పుడు అది గాలికోసమనుకున్నాను. పెళ్ళిమాటలు సావిడిలో జరుగుతుంటే నట్టింట్లో నిలబడి వినడానికి అని అత్తయ్య చెప్పింది. "నన్ను ఎంతకి కుదుర్చుకున్నారో మా అత్తగారు అక్కడ నించునే విన్నార్ట," అంది నవ్వుతూ.

మూడో దారి కూడా ఉంది, కాకపోతే అది లోపలికి రాదు. పెరటి ప్రహరీకి ఒక తడక. పాలేళ్ళూ, కుప్పలు నూర్చేవాళ్ళూ అటు వచ్చి అటే పోయేవారు. ఆ సున్నం రుబ్బినవాళ్ళు, ఆ గచ్చుని అరచేతుల్తో రోజుల తరబడి నున్నచేసినవాళ్ళు ఇల్లు పూర్తయ్యాక మళ్ళీ దాని మీద అడుగు పెట్టలేదు. మా అమ్మాయి ప్లాన్‌లో ఆ తడక కూడా గీసింది. మావయ్య చూసి ఏమీ అనలేదు.

వెనక వసారా చివర చిన్న కొట్టు, నెలకి మూడు రోజుల గది. ఇప్పుడందులో కొబ్బరి డొక్కలు పోశారు. నేను విసుక్కుంటుంటే గుర్తొచ్చింది, అమ్మ ఎప్పుడూ అనేది: "నా జన్మలో చదివిన నవలలన్నీ ఆ మూడ్రోజుల్లో చదివినవేనే. అప్పుడే కదా ఎవరూ పని చెప్పేవారు కాదు." పగలంతా వెలుతురు కోసం గుమ్మానికి దగ్గరగా జరిగి కూర్చునేదట. ఆ గది మంచిదని నేను అనడం లేదు. అమ్మ అందులో ఏం చేసుకుందో చెబుతున్నాను, అంతే.

ఇంక వంటింటికి ఆనుకుని ఉన్న గది. తొమ్మిదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు. కిటికీ లేదు. గోడలో దీపపు గూడు, దాని పైన పొగచూరిన నలుపు, ఒక చిలక్కొయ్య. ఇంట్లో అందరూ దాన్ని "సామాన్ల గది" అంటారు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు అందులో పెద్దత్త ఉండేది. తాతయ్యకి అక్క, అమ్మకి మేనత్త. అమ్మ పిలిచినట్టే మేమూ పెద్దత్త అనే పిలిచేవాళ్ళం. తెల్లచీర, తల మీద ముసుగు, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని.

పెద్దత్త పుట్టింది 1906లో. ఈ ఇంటి గృహప్రవేశానికి నాలుగేళ్ళ పిల్ల. పెళ్ళి ఎప్పుడైందో తనకే గుర్తు లేదు. 1918లో విషజ్వరం దేశమంతా ఊడ్చేసినప్పుడు ఆ పిల్లాడు పోయాడు. ఈమెకి 12 ఏళ్ళు. కాపురానికి వెళ్ళనే లేదు. తల తీయించి ఆ గది ఇచ్చారు. 1979లో పోయేదాకా, 61 ఏళ్ళు, అదే గది. రాజమండ్రి మా ఊరికి ఒక పూట ప్రయాణం. వీరేశలింగం పంతులుగారు అక్కడ మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. ఆ కబురు 37 ఏళ్ళకి కూడా మా సింహద్వారం దాటి లోపలికి రాలేదు. ఆస్తి సంగతి సరేసరి. భర్త ఆస్తిలో వితంతువుకి ఎంతోకొంత హక్కు ఇస్తూ 1937లో చట్టం వచ్చింది. ఆ భర్త పోయి అప్పటికే 19 ఏళ్ళు, ఆ చట్టం వెనక్కి వర్తించదు. పుట్టింట్లో ఆమెకున్నది తిండీ బట్టా మాత్రమే.

ఆ ఇంట్లో జరిగిన ప్రతి పురుడూ ఆమె చేతి మీద జరిగిందే. మావయ్యనీ, అమ్మనీ, నన్నూ పైకి తీసింది ఆవిడే. మండువా స్తంభాలకి ఏటా ఆముదం రాయించింది కూడా ఆవిడేనట. లేకపోతే చెద పట్టేసేవని మావయ్య చెప్పాడు. కలప వ్యాపారి ఇచ్చే డబ్బులో పెద్దత్త వాటా ఎంత అని లెక్కవేద్దామనుకున్నాను. ఏ లెక్కకీ అందలేదు.

అమ్మమ్మ కథ వేరు, అందులోనూ చట్టమే. బాల్యవివాహాల మీద శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుందని తెలియగానే దేశంలో చాలామంది హడావిడిగా పిల్లల పెళ్ళిళ్ళు చేసేశారు. అమ్మమ్మ పెళ్ళీ ఆ మాఘమాసంలోదే. తొమ్మిదేళ్ళు. "చట్టం వస్తోందని నన్ను కట్టబెట్టారు," అనేది నవ్వుతూ. ఇల్లు ఆడపిల్లల కోసం వచ్చే ప్రతి చట్టానికీ ముందే తలుపు గడియ వేసుకునేది.

అమ్మ విషయానికొస్తే, రామారావుగారి ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టాన్ని మార్చి, ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతో హక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అయితే అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి కాదు. అమ్మ పెళ్ళి 1968లో. సరే, తనది కాదనుకుంది. తర్వాత 2005లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది, పెళ్ళయిందా లేదా అన్న తేడా తీసేసింది. తండ్రి అప్పటికి బతికి ఉండాలా అన్న గొడవ 15 ఏళ్ళు నడిచి, 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అక్కర్లేదని తేల్చింది. మా తాతయ్య 1983లో పోయాడు, వీలునామా రాయలేదు, ఇల్లు పంచుకోలేదు. అందుకే మావయ్యకి లాయరు ఆ మాట చెప్పాడు.

2006లోనో ఎప్పుడో నేనే అమ్మతో అన్నాను, నీకూ ఇప్పుడు వాటా ఉందే అని. అమ్మ గభాల్న నా నోరు మూసినంత పని చేసింది. "ఇంకెప్పుడూ ఆ మాట అనకు. నాకు పుట్టింటి గుమ్మం తెరిచి ఉంటే చాలు." ఆ గుమ్మం ఆవిడకి నిజంగానే తెరిచి ఉంది. 2019లో పోయేదాకా ప్రతి సంక్రాంతికీ వెళ్ళింది, మావయ్య చీర పెట్టాడు, అత్తయ్య పసుపు రాసింది. వాటా అడిగి ఉంటే ఇవన్నీ ఉండేవా? ఉండేవనే అనుకుంటున్నాను, మావయ్య అలాంటివాడు కాదు. కానీ అమ్మ అడిగి చూడలేదు. మీ అమ్మలూ చూసి ఉండరు.

డిసెంబరులో ఆ వారం రోజుల్లో చుట్టాలు చాలామంది వచ్చి పోయారు. వాళ్ళలో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "లండన్లో ఉన్నావు, నీకెందుకే ఆ కాస్త డబ్బు? మావయ్యకి వదిలేశానని రాసిచ్చేయి, మీ అమ్మకి పేరొస్తుంది," అంది. ఆవిడ మంచి ఉద్దేశంతోనే అంది. మొదట నాకూ అదే తోచింది. మంచి మేనకోడలు చేయవలసిన పని అదే అనిపించింది. ఆ రాత్రి వసారాలో అత్తయ్య పక్కన పడుకుని ఈ సంగతి చెప్పాను. ఇల్లు పోతోందన్న బాధ కూడా చెప్పుకున్నాను, అమ్మకపోతే కుదరదా, నలుగురం తలో కాస్త వేసుకుని బాగుచేయించుకోలేమా అని.

అత్తయ్య లేచి కూర్చుంది.

"నువ్వు ఏటా రెండు వారాలు వస్తావు. స్తంభానికి ఆనుకుని ఫొటో తీయించుకుంటావు. నాకు 72 ఏళ్ళు. వాన పడితే మండువాలో నీళ్ళు తోడి, నాలుగు వసారాలూ తుడిచేది నేను. రాత్రి లేస్తే పెరటి చివరికి నడవాలి. రెండు మోకాళ్ళూ పోయాయి. కిందటి వర్షాకాలం ఆ గచ్చు మీదే జారిపడ్డాను, మీకెవరికీ చెప్పలేదు. నాకు కాకినాడలో రెండు గదుల ఫ్లాటు కావాలి, గదిలోనే బాత్రూం కావాలి. బాగుచేయించుకుంటారట, బాగుచేయించాక ఎవరుంటారు ఇందులో?"

నా దగ్గర జవాబు లేదు. మండువాలోంచి వెన్నెల పడుతోంది, చాలా బావుంది, ఆ మాట అనడానికి సిగ్గేసింది.

కాసేపాగి తనే అంది. "వాటా మాత్రం తీసుకో. వదిలేయకు. మా పుట్టింట్లో నన్నెవరూ అడగలేదు. 1990లో మా అన్నదమ్ములు పంచేసుకుని రిజిస్ట్రీ చేయించేసుకున్నారు. ఇప్పుడే చట్టం వచ్చినా ఆ పంపకం కదలదుట. సంతకం కావాలని నాకు ఫోన్ కూడా రాలేదు." (నిజమే. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలకి 2005 చట్టం అడ్డురాదు.) "మీ మావయ్య నిన్ను అడిగాడు కదా. అడిగినప్పుడు లేదనకు."

పొద్దున్న మావయ్యతో చెప్పాను, అమ్మ వాటా లెక్క ప్రకారం తీసుకుంటాం అని. చెప్పేటప్పుడు గొంతు వణికింది. అమ్మ భయం నాకూ వారసత్వంగా వచ్చినట్టుంది. గుమ్మమే అమ్ముడైపోతుంటే ఇంకా మూసుకుపోతుందేమోనన్న భయం ఏమిటో! మావయ్య పేపరు మడిచి, "మరి లెక్కంటే లెక్కే కదా అమ్మలూ. కలప డబ్బు కూడా కలిపి వేస్తాను," అని మళ్ళీ పేపరు విప్పాడు. ఇంకో మాట లేదు. ఇన్నేళ్ళు అమ్మ ఈ మాట దగ్గరే ఆగిపోయిందా అనిపించింది.

రిజిస్ట్రీ ఉగాది తర్వాత కాబట్టి, నేను ఇక్కడికి వచ్చాక పవర్ ఆఫ్ అటార్నీ పంపవలసి వచ్చింది. మీకు పనికొస్తుందని రెండు ముక్కలు. మొదట నాకు వచ్చిన కాగితం జనరల్ పవర్, అంటే నా పేరుతో ఏమైనా చేయొచ్చు. మావయ్య మీద నమ్మకం లేక కాదు గాని, దాన్ని మార్పించి ఈ ఒక్క ఇంటికీ, ఈ ఒక్క అమ్మకానికీ మాత్రమే అని స్పెషల్ పవర్ రాయించాను. సర్వే నంబరూ హద్దులూ అందులో ఉండాలి. ఇక్కడ నోటరీ దగ్గర సంతకం చేసి అపోస్టిల్ ముద్ర వేయించుకోవచ్చు, లేదా మన హైకమిషన్ ద్వారా చేయించుకోవచ్చు. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. సంతకం పెట్టే ముందు మీ సొంత లాయరుకి ఒకసారి చూపించుకోండి. చూపిస్తే తప్పు పట్టుకునే చుట్టాలుంటే, ఇంకా తప్పకుండా చూపించండి.

నోటరీ ఆఫీసులో ఆ కాగితం మీద "ఫలానావారి కుమార్తె" అని అమ్మ పేరూ, దాని కింద నా పేరూ చూసినప్పుడు ఏడుపు వచ్చింది. ఆ నోటరీ పాపం టిష్యూ డబ్బా ముందుకి జరిపాడు, ఆస్తి పోతోందని ఏడుస్తున్నాననుకున్నట్టున్నాడు.

ప్లాన్ మా అమ్మాయి శుభ్రంగా గీసి ముగించింది. పొడవు 62 అడుగులు, వెడల్పు 54. తూము, తడక, జానెడు కిటికీ అన్నీ ఉన్నాయి. గదుల పేర్లు తెలుగులో రాస్తానంటే నేను చెబుతూ వచ్చాను. సావిడి, నట్టిల్లు, పడమటిల్లు, వంటిల్లు. ఆ ఆరడుగుల గది దగ్గరికి వచ్చేసరికి "సామాన్ల గది" అన్నాను అలవాటుగా. అది నా వైపు చూసి, దిద్దుతూ దిద్దుతూ "పెద్దత్త గది" అని రాసింది. ఒక కాపీ మావయ్యకి పంపాను. ఫ్రేము కట్టించాడట.

పెంకులు దించడం ఏప్రిల్లో మొదలుపెట్టారు. చూడ్డానికి మావయ్య వెళ్ళలేదు, అత్తయ్య వెళ్ళింది. పొయ్యిగడ్డ పక్కనుంచి రుబ్బురోలు పొత్రం ఒక్కటీ ఆటోలో వేసుకుని వచ్చేసింది. రోలు కదల్లేదట.

మొన్న ఆవిడ కాకినాడ ఫ్లాట్ నుంచి వీడియో కాల్ చేసింది. నాలుగో అంతస్తు. చుట్టూ ఇంకా విప్పని అట్టపెట్టెలు. ఫోన్ తిప్పి బాత్రూం చూపించింది, గోడకి పట్టుకోవడానికి వేయించుకున్న కడ్డీ చూపించింది. అంతలో జల్లు మొదలైంది. ఆవిడ అలవాటు కొద్దీ బకెట్ కోసం లేవబోయి, ఆగి, ఫోన్‌ని కిటికీ వైపు తిప్పింది.

"చూడవే," అంది, "వాన బయటే పడుతోంది."